దిష్టి చుక్క చెరిపేసిన ఫోటో: అల్ వుకైర్‌లో ఒక శుక్రవారం

కాటుక భరిణె ఒకటి ఇచ్చి రావడానికి విమానమెక్కిన మనిషిని మీరెక్కడా చూసి ఉండరు. ఆ మనిషిని నేనే. కడపలో బ్లౌజులు కుట్టే షాపు నడుపుకుంటూ, ఏడాదికోసారి తక్కువ ఖర్చులో ఎక్కడికో ఒకచోటికి పోయొచ్చి ఇక్కడ రాస్తుంటానని పాత పాఠకులకు తెలుసు. ఈసారి కతార్ ఎందుకంటే, మా పిన్ని కూతురు ఓబుళమ్మ దోహా పక్కన అల్ వుకైర్‌లో ఒక ఇంగ్లీషు వాళ్ల ఇంట్లో పసిబిడ్డను చూసుకునే పని చేస్తోంది. నేను వస్తున్నానని తెలిసి ఫోన్ చేసింది. పచ్చడి అడుగుతుందనుకున్నాను. "అక్కా, ఇంట్లో చేసిన కాటిక తెచ్చిపెట్టు. అంగడిది వద్దు" అంది. ఆ ఎడారిలో నీ కళ్లు చూసేదెవరే అని ఎగతాళి చేస్తే, "నాకు కాదులే, వచ్చినాక చెప్తా" అని పెట్టేసింది. మా అమ్మ ఆముదం దీపం మీద ఇత్తడి పళ్లెం బోర్లించి, మసి గీకి, ఇంకో రెండు చుక్కల ఆముదంతో రంగరించి, పాత వెండి భరిణెలో పెట్టి ఇచ్చింది. అమ్మకు గల్ఫ్ మొత్తం కోయిటానే, అంటే కువైటే. "కోయిటాలో అందరితో వాదులాట పెట్టుకోవద్దు" అని కూడా చెప్పి పంపింది. నా నోటి సంగతి ఆమెకు తెలుసు.

బెంగళూరు నుంచి దోహాకు నేరుగా నాలుగున్నర గంటల ప్రయాణం. ముందుగా చూసుకున్నాను కాబట్టి రానూపోనూ పాతికవేల చిల్లరలో తెగింది. మనవాళ్లకు అక్కడ దిగాక వీసా ఇస్తున్నారు, కానీ హోటల్ బుకింగూ తిరుగు టికెట్టూ చూపించమంటారు. ఈ నియమాలు మారుతుంటాయి, మీరు బయలుదేరే ముందు మరోసారి చూసుకోండి. నేను అల్ ముంతజాలో ఒక చిన్న హోటల్లో దిగాను. కిటికీ తెరిస్తే ఎదురుగా కేరళవాళ్ల టీ కొట్టు, పక్కన నేపాలీల మంగలి షాపు, ఆ పక్కన మన మసాలా దోసె. విదేశానికి వచ్చానని నమ్మడానికి రెండు రోజులు పట్టింది. మొదటి రెండు రోజులూ సూక్ వాకిఫ్ బజారు, సముద్రపు ఒడ్డు, మ్యూజియం చూశాను. వాటి గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. నేను రాయాలనుకున్నది మూడో రోజు, శుక్రవారం గురించి. ఓబుళమ్మ వాళ్ల మేడమ్ నన్ను మధ్యాహ్నం భోజనానికి పిలిచింది. పనిమనిషి అక్కను టేబుల్ దగ్గరికి పిలిచే ఇల్లు ఎంత మంచిదో అనుకున్నాను.

శుక్రవారం మెట్రో మామూలు రోజులకంటే ఆలస్యంగా మొదలవుతుంది. అందుకని తొమ్మిది దాకా ఆగి, రెండు రియాళ్ల కరక్ చాయ్ తాగి, టాక్సీలో దగ్గరి రెడ్ లైన్ స్టేషన్‌కు పోయాను. టాక్సీకి పదిహేను రియాళ్లయింది, అదే దండగ. మెట్రోలో ఎంత దూరమైనా రెండు రియాళ్లే, రోజంతా తిరిగితే ఆరు. కుటుంబాలకూ ఆడవాళ్లకూ వేరే పెట్టె ఉంటుంది, సీటు ఖాయం. చివరి స్టేషన్ అల్ వక్రా. అక్కడ దిగితే చుట్టుపక్కల పేటలకు మెట్రోవాళ్ల ఉచిత బస్సులుంటాయి. ఏది ఎక్కాలో తెలియక నిలబడి ఉంటే, హెల్మెట్ చంకలో పెట్టుకున్న ఒకాయన నా చీర చూసి దగ్గరికొచ్చాడు.

"ఏడికి పోవాలె అక్కా? అల్ వుకైరా? గీ బస్సే. ఎక్కి కూసోండ్రి. ఫులూస్ మాఫీ, పైసల్ అడగరు."

జగిత్యాల పక్క ఊరట. ఏదో సైటులో డ్యూటీ, శుక్రవారం కూడా సగం పూట ఉందట. ఎవరింటికి పోతున్నారని అడిగితే, ఇంగ్లీషు వాళ్లింటికి భోజనానికని కొంచెం గొప్పగానే చెప్పాను. "తెల్లోళ్లా? మంచోళ్లే ఉంటరు. అరవరు, కొట్టరు. ప్లీజ్ అనుకుంటనే పని చేపిస్తరు" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ మాట సాయంత్రానికి నాకు మళ్లీ గుర్తొచ్చింది, అప్పుడు నవ్వు రాలేదు.

అల్ వుకైర్ ఇంకా పూర్తిగా ఊరు కాలేదు. సగం విల్లాలు, సగం ఇసుక, మధ్యలో కొత్త రోడ్లు. బస్సు దిగి పది నిమిషాలు నడిస్తే వాళ్ల కాంపౌండు వచ్చింది. చలికాలం మొదలు కాబట్టి నడవగలిగాను, ఎండాకాలంలో ఈ సాహసం చేయకండి. గేటు దగ్గర ఆ ఇంటి డ్రైవరు సత్తిబాబు ఎదురొచ్చాడు. అమలాపురం దగ్గరి మనిషి, మాటకు ముందు ఒక ఆయ్, వెనక ఒక అండి. "ఆయ్, రండక్కగారూ, ఓబుళమ్మగారు పొద్దున్నుంచి మీ గురించే చూస్తున్నారండి. ఇవాళ ఇంట్లో కొంచెం హడావుడిగా ఉందండి. మాకు వేషాలు కడతన్నారండి" అన్నాడు. ఏం వేషాలని అడిగితే, చూద్దురుగాని అని నవ్వేశాడు.

ఓబుళమ్మ వెనక తలుపు దగ్గర బిడ్డను ఎత్తుకుని నిలబడి ఉంది. ఏడాదిన్నర తర్వాత చూడడం. బక్కచిక్కింది, రంగు తేలింది. కౌగిలించుకుందామంటే మధ్యలో బిడ్డ. తెల్లగా బొద్దుగా ఎనిమిది నెలల పిల్ల, నా మంగళసూత్రం పట్టుకుని వదల్లేదు. నేను సంచీ తెరిచి భరిణె తీయబోతే ఓబుళమ్మ గబుక్కున నా చెయ్యి పట్టుకుంది.

"ఇప్పుడొద్దు అక్కా. సంచిలోనే ఉండనీ. నువ్వు పొయ్యేటప్పుడు తీసుకుంటా."

అప్పుడు చెప్పింది అసలు సంగతి, వంటింటి గుమ్మంలో, గొంతు తగ్గించి. బిడ్డకు రోజూ అరికాల్లో చిన్న దిష్టి చుక్క పెట్టేదట. పోయిన నెల మేడమ్ సాక్సు విప్పి చూసి, కెవ్వున అరిచినంత పని చేసిందట. ఇదేం మసి, ఇదేం మురికి, బిడ్డ తోలు పాడైపోతే ఎవరు పూచీ అని తడి గుడ్డలతో పదిసార్లు తుడిచి, ఊరినుంచి తెచ్చుకున్న కాటుక డబ్బాను చెత్తబుట్టలో పడేసిందట. "అంతటితో పోతే ఫరవాలేదు. నా లీవు ఆపేసింది. నీ మీద నమ్మకం పోయింది, మా పెద్దావిడ పుట్టినరోజు అయ్యేదాకా యాడికీ పోయేదానికి లేదు అనింది. నా మనవరాలి అన్నప్రాసన దానికి ముందే ఉండాది. పుట్టినప్పుడు పోలేదు, పేరు పెట్టినప్పుడు పోలేదు. ఇప్పుడైనా పోవల్ల కదక్కా. నా కూతురు ఫోన్లో యాడుస్తాంది."

ఆ మనవరాలు రాయచోటిలో ఉంది. ఓబుళమ్మ ఇంతవరకు దాన్ని ఫోన్లో తప్ప చూడలేదు. టికెట్టు తీసి పంపాల్సింది వీళ్లు. నాకు ఒళ్లు మండింది. అంత తిట్టించుకున్నదానివి మళ్లీ కాటుక ఎందుకు తెమ్మన్నావే అన్నాను.

"బిడ్డ చేసిన తప్పేముండాది? దానికి దిష్టి తగిల్తే రేయంతా ఎత్తుకోని తిరగాల్సింది నేనే కదా" అంది. మా ఓబుళమ్మ ప్రేమ ఎప్పుడూ ఇలాగే ఉంటుంది, పనిలో కలిపేసి చెప్తుంది.

భోజనం దగ్గర నలుగురం కూర్చున్నాం. మేడమ్ ముప్పై దాటిన మనిషి, నవ్వు ముఖం. ఆమె భర్త, ఓబుళమ్మ భాషలో సార్, గ్యాస్ కంపెనీలో ఉద్యోగం. తర్వాత సార్ నాయనమ్మ. ఎనభై ఐదో ఏడు నిండబోతున్న పెద్దావిడ, పుట్టినరోజు కోసం ఇంగ్లండు నుంచి మనవడి దగ్గరికి వచ్చింది. నేను కడప మనిషినని తెలిసి ఆమె కళ్లు వెలిగిపోయాయి. ఆమె పుట్టింది మదనపల్లెలోనట. వాళ్ల నాన్న అక్కడ దొర. స్వాతంత్ర్యం వచ్చినప్పుడు ఓడెక్కి వెళ్లిపోయేసరికి ఆమెకు ఏడేళ్లు. హార్సిలీ కొండ మీద ఎండాకాలం బంగళా, యూకలిప్టస్ వాసన, గుర్రం, మామిడిపండ్లు, అన్నీ చెప్పింది. చెప్తూ చెప్తూ కళ్లు తుడుచుకుంది. నాకూ జాలేసింది. ఎక్కడ పుట్టినా పుట్టిన చోటు పుట్టిన చోటే కదా అనుకున్నాను. మా టేబుల్ మీద చిక్కటి మిరియాల చారు ఒకటి, ఆపిల్ ముక్కలూ ఎండుద్రాక్షా వేసిన కోడికూర ఒకటి పెట్టారు. వాళ్ల ఇంట్లో తరతరాలుగా వస్తున్న ఇండియా వంటలట. ఓబుళమ్మ వండిందే, కానీ వాళ్లు చెప్పినట్టు. నేను మర్యాదకు రెండోసారి వడ్డించుకున్నాను.

పెద్దావిడకు తెలుగు వచ్చని సార్ గొప్పగా చెప్పాడు. ఏదీ మాట్లాడండి అన్నాను. ఆమె ముసిముసిగా నవ్వి, నిటారుగా కూర్చుని, వంటింటి వైపు తిరిగి ఖంగుమనే గొంతుతో, "ఏయ్! మంచినీళ్లు తే! బిరబిరా!" అంది. ఓబుళమ్మ నీళ్లు తెచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ వయసులో ఆ గొంతు ఎక్కడ దాచుకుందో తెలియదు. ఇంకా ఏమొచ్చు అని అడిగాను. బండి కట్టు, చెప్పులు తే, దూరం పో, నోరు ముయ్. అంతే. చిన్నప్పుడు విన్నవే వచ్చాయి, ఆమె తప్పేముంది అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. మూడోసారి మాత్రం వడ్డించుకోలేదు.

భోజనమయ్యాక కదా అసలు కథ. వసారాలో కుర్చీలు వేశారు. గోడకు ఒక పెద్ద ఫోటో, చట్రం కట్టించి నిలబెట్టారు. హార్సిలీ కొండ బంగళా ముందు తీసిన పాత ఫోటోను పెద్దది చేయించారట. దొరా దొరసానీ కుర్చీల్లో. కాళ్ల దగ్గర కుక్క. కింద చాప మీద ఒక ఆయా, ఆమె ఒళ్లో నెలల బిడ్డ. ఆ బిడ్డే ఈ పెద్దావిడ. వెనక తలపాగాలతో ఇద్దరు మగవాళ్లు, పక్కన స్తంభాన్ని ఆనుకుని ఒక ఆడమనిషి, ముఖం సగం నీడలో. పుట్టినరోజు నాడు ఇదే ఫోటోను మళ్లీ ఇలాగే తీయబోతున్నారు. పాత కుటుంబ ఫోటోల్లోలాగే కూర్చుని కొత్తగా దిగడం ఇప్పుడు వాళ్ల దేశంలో పెద్ద సరదా అట. సార్ దొర, మేడమ్ దొరసాని, పెద్దావిడ పక్కన ఇంకో కుర్చీలో, ఓబుళమ్మ చాప మీద బిడ్డతో. ఇవాళ దానికి రిహార్సల్.

సత్తిబాబూ, కాంపౌండు తోటపని చేసే ఒక బంగ్లాదేశీ పెద్దాయనా తెల్ల కోట్లు, ఎర్ర నడికట్లు, తలపాగాలు పెట్టుకుని వచ్చారు. నేను కుట్టుపని మనిషిని, బట్ట చూస్తే చెయ్యి ఆగదు. సత్తిబాబు తలపాగా తీసి చూశాను. చుట్టినది కాదు, కుట్టినది. లోపల ఎలాస్టిక్. పక్కన చిన్న చీటీ మీద మేడ్ ఇన్ ఇండియా. ఇలాంటి పార్టీలకోసమే ఇంగ్లండులో సెట్లు సెట్లుగా అమ్ముతారట, మేడమ్ ఆన్‌లైన్లో తెప్పించింది. మన దగ్గర ఎవరో నాలాంటి మనిషి మిషన్ మీద కూర్చుని, ఎందుకో తెలియకుండానే డజన్లకొద్దీ బంట్రోతు తలపాగాలు కుడుతోందన్నమాట. "బాగుందాండీ?" అని సత్తిబాబు మీసం తిప్పాడు. ఆయన నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో నాకు అంతుపట్టలేదు.

అప్పుడు మేడమ్ నా వైపు తిరిగింది. ఎంత మర్యాదగా అడిగిందో చెప్పలేను. మీరేమీ అనుకోకపోతే, మీకు ఇబ్బంది లేకపోతే, స్తంభం పక్కన నిలబడతారా, నాలుగో మనిషి దొరకలేదు, మీ ఎత్తు సరిగ్గా సరిపోతుంది, వెలుతురు ఎలా పడుతుందో చూసుకోవాలి, ప్లీజ్. అరగంట క్రితం నాకు తన చేత్తో కూర వడ్డించిన మనిషి. ఆమె ముఖంలో వెతికినా దురుద్దేశం కనపడలేదు. అతిథిగా వచ్చి, చెయ్యి కడుక్కునేలోగా పనిమనిషినైపోయాను. నేను నిలబడను అని చెప్పడానికి నోరు తెరిచాను కూడా. చాప మీదనుంచి ఓబుళమ్మ తల ఎత్తకుండా తెలుగులో అంది, "నిలబడక్కా. నా టికెట్టు వీళ్ల చేతిలో ఉండాది."

పోయి స్తంభం పక్కన నిలబడ్డాను. ఆ నీడలో సగం ముఖంతో నిలబడ్డ ఆడమనిషి కూడా ఎవరి టికెట్టు కోసమో నిలబడిందేమో అనిపించింది.

"ఆ చేతిసంచీ తీసేస్తారా? ఆ రోజుల్లో వాళ్లకు సంచులుండేవి కావు" అన్నాడు సార్, కెమెరా సర్దుతూ. మేడమ్ చెయ్యి చాపింది. అందులో భరిణె ఉంది. జిప్పు సగమే వేసి ఉంది. "పాస్‌పోర్ట్ ఉంది, ఇవ్వను" అన్నాను, కొంచెం గట్టిగానే. సంచీ చంకలో పెట్టుకుని మీద పైట కప్పుకున్నాను. మేడమ్ నవ్వి ఊరుకుంది.

సరిగ్గా ఎవరెక్కడ కూర్చున్నారో చూసుకోవడానికి పెద్దావిడ తన దగ్గరున్న అసలు ఫోటో బయటికి తీసింది. అరచేతిలో పట్టేంత చిన్నది, అంచులు పసుపెక్కింది. నాకూ చూపించింది. పెద్ద ఫోటోలో లేనిదొకటి ఇందులో నా కంటబడింది. ఆయా ఒళ్లోని తెల్ల బిడ్డకు ఎడమ బుగ్గ మీద నల్లగా, గుండ్రంగా ఒక చుక్క. నేను వేలు పెట్టి చూపిస్తే సార్, "అది ఇంకు మరక. పెద్దది చేయించేటప్పుడు కంప్యూటర్లో శుభ్రం చేయించాను" అన్నాడు. ఎనభై ఏళ్లుగా వాళ్లింట్లో అందరూ దాన్ని మరకే అనుకున్నారట.

అమ్మ మాట నేనెప్పుడు విన్నాను గనక. "అది మరక కాదు, దిష్టి చుక్క" అనేశాను. బిడ్డకు చెడు చూపు తగలకుండా ఆయా పెట్టిందని, ఫోటో తీస్తున్నారంటే అందరి కళ్లూ బిడ్డ మీదే ఉంటాయి కాబట్టి అరికాల్లో కాకుండా అందరికీ కనపడేలా బుగ్గన పెట్టి ఉంటుందని, నాకొచ్చిన ఇంగ్లీషులో గబగబా చెప్పేశాను. చెప్పాక ఓబుళమ్మ ముఖం చూశాను. పాలిపోయింది. అయ్యో, మళ్లీ మసి గొడవ నేనే లేపానే, దాని లీవు పూర్తిగా మునిగిపోయిందే అని నాలుక కరుచుకున్నాను.

జరిగింది వేరు. పెద్దావిడ ఆ చిన్న ఫోటోను ముఖానికి దగ్గరగా పెట్టుకుని తన బుగ్గ తానే తడుముకుంది. ఆమె కళ్లవెంట నీళ్లు. మేడమ్ గుండె మీద చెయ్యి పెట్టుకుని, ఎంత అందమైన ఆచారం, ఎంత ప్రేమ, మన బిడ్డకూ పెట్టాలి, అచ్చం అక్కడే పెట్టాలి అంది. మేడమేనండీ. పోయిన నెల అదే చుక్కను తడిగుడ్డతో పదిసార్లు తుడిచిన మనిషి. ఆమెకు ఆ సంగతి గుర్తులేదా, గుర్తున్నా రెండూ ఒకటేనని తట్టలేదా, నాకు ఇప్పటికీ తెలియదు. బతికున్న ఆయా పెట్టిన చుక్క మురికి, చచ్చిపోయిన ఆయా పెట్టిన చుక్క వారసత్వం. వింటూ నేను స్తంభాన్ని గట్టిగా పట్టుకున్నాను.

"కాజల్ తే" అంది పెద్దావిడ ఓబుళమ్మతో.

ఓబుళమ్మ చాప మీదనుంచే మేడమ్ వైపు చూసింది. తన నాలుగు భాషల ఇంగ్లీషులో, ఏ కోపమూ లేకుండా, "కాజల్ ఖలాస్, మేడమ్. మీరే బిన్‌లో వేసినారు" అంది. మేడమ్ ముఖం కందిపోయింది. లేచి లోపలికి పోయి తన కంటి పెన్సిల్ తెచ్చింది. నేను సంచీని ఇంకాస్త అదుముకున్నాను. ఓబుళమ్మ నా వైపు ఒక్కసారి చూసి చూపు తిప్పేసుకుంది. తీయొద్దని దాని అర్థం. ఎందుకో నాకు అప్పుడు తెలియలేదు గానీ, చిన్నప్పటినుంచి ఆ చూపు నాకు తెలుసు. ఇద్దరం కలిసి దొంగతనంగా చింతకాయలు కోసేటప్పుడు చూసే చూపు అది.

పెద్దావిడ ఇంకా ఆ ఆయా గురించే చెప్తోంది. తన తల్లికంటే తనను ఎక్కువ చూసుకుందట. పాట పాడి నిద్రపుచ్చేదట. ఆమె పేరేమిటని అడిగాను. "ఆయా" అంది. అసలు పేరు అన్నాను. ఆలోచించింది, గుర్తు రాలేదు. కుక్క పేరు మాత్రం రస్టీ అని తడుముకోకుండా చెప్పింది. తర్వాత ఆమె అన్న మాట నేను ఈ జన్మలో మరచిపోను. నా చెయ్యి పట్టుకుని, ఎంతో గర్వంగా, ఎంతో ప్రేమగా అంది: "నేనంటే ఆమెకు ఎంత ప్రాణమంటే, ఆ ఏడేళ్లలో ఒక్కసారి, ఒక్కసారి కూడా తన ఇంటికి వెళ్లలేదు."

సత్తిబాబు తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. ఓబుళమ్మ అడిగింది, మెల్లగా, "ఆమెకు పిల్లలు లేరా అమ్మగారూ?"

నేను ఇంగ్లీషులో చెప్పాను. పెద్దావిడ ఫోటో వైపు చూసింది, ఓబుళమ్మ వైపు చూసింది. "తెలియదు" అంది. "ఎప్పుడూ అడగలేదు. ఎవరూ అడగలేదు."

"నాకుండారు" అంది ఓబుళమ్మ. "మనవరాలు కూడా ఉండాది."

అక్కడితో ఏడుస్తుందనుకున్నాను. మా ఓబుళమ్మ ఏడవలేదు. మేడమ్ చేతిలోని పెన్సిల్ వైపు తల అడ్డంగా ఊపింది. పెన్సిల్ పని చేయదట. దిష్టి చుక్కకు ఇంట్లో దీపం పెట్టి చేసిన కాటుకే కావాలట. అదీ మా సీమలో దొరికే ఆముదంతో, అదీ అమ్మమ్మ అయిన ఆడది తన సొంత ఇంట్లో, తన మనవరాలికి మొదట పెట్టి, ఆ మిగిలింది తెస్తేనే ఇంకో బిడ్డకు పని చేస్తుందట. నన్ను అనువదించమంది. నేను పుట్టి బుద్ధెరిగాక ఇలాంటి నియమం వినలేదు. అయినా శాస్త్రం చదివినదానిలా ఒక్కో ముక్కా ఇంగ్లీషులో చెప్పాను, చంకలో భరిణె పెట్టుకుని. వచ్చే నెల మొదటివారంలో పోయి, అన్నప్రాసన ముగించుకుని, అసలైన కాటుకతో పుట్టినరోజుకు ముందే వచ్చేస్తానంది.

మేడమ్ భర్త వైపు చూసింది. పెద్దావిడ ఇద్దరి వైపూ చూసింది. "వెళ్లనివ్వండి" అంది, ఇంగ్లీషులో, చిన్న గొంతుతో. మంచినీళ్లు తెమ్మన్న గొంతు కాదది. సార్ అక్కడికక్కడే ఫోన్ తీసి టికెట్లు చూశాడు. పెద్ద ఫోటోలో చెరిపించిన చుక్క కూడా మళ్లీ పెట్టిస్తానన్నాడు. నెలరోజులు ఓబుళమ్మ కన్నీళ్లు చేయలేని పని, ఎనభై ఏళ్ల నాటి ఒక చుక్క చేసింది. సంతోషించాలో గోడకు తల కొట్టుకోవాలో తెలియలేదు.

నాలుగున్నరకు బయలుదేరాను. సత్తిబాబు కారు తెస్తానంటే వద్దని, ఓబుళమ్మతో కలిసి వెనక దారిన గేటుదాకా నడిచాను. సంచీలోంచి భరిణె తీసి ఇచ్చాను. అది తీసుకుని, మూత విప్పి, వాసన చూసి, "పెద్దమ్మ చేసిందేనా" అని నవ్వింది. తర్వాత నాకే తిరిగిచ్చింది. "నీతోనే రాయచోటికి తీసుకోని పో. నేనొచ్చి పాపకు పెట్టుకుంటా. మళ్లీ వచ్చేటప్పుడు దీన్నే తెస్తా, అసలైన కాటిక" అంది. ఇద్దరం పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాం. మరి ఈ బిడ్డకో, దానికి అప్పటిదాకా ఎట్లా అని అడిగాను. భరిణె మళ్లీ తెరిపించి, ఉంగరపు వేలు అద్దుకుంది. "అరికాల్లో పెడతా. ఆడ ఎవురు చూస్తారు" అని వెనక్కి తిరిగింది. ఆ వేలు యూనిఫారానికి తగలకుండా ఎత్తి పట్టుకుని, ఇంకో చేత్తో వెనక తలుపు తోసుకుని లోపలికి పోయింది.

తిరుగు బస్సులో సీటు దొరికింది గానీ కూర్చోలేకపోయాను. పోయిన రాజ్యం కోసం బెంగపడేవాళ్లు మీసాలు మెలేసి, బూట్లు టకటకలాడిస్తూ ఉంటారని ఎందుకో అనుకునేదాన్ని. తీరా చూస్తే తెల్లజుట్టు ముసలమ్మ, నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది, నాకూ ఏడుపొచ్చింది. ఆమెకు గుర్తున్నదంతా నిజమే, ఆ పాటా, ఆ ఒడీ, ఆ యూకలిప్టస్ వాసనా. ఎత్తుకున్న చేతులకు ఒక ఇల్లుందని మాత్రం ఇంతకాలం ఎవరికీ తట్టలేదు. మనమేమన్నా తక్కువ తిన్నామా, హార్సిలీ కొండకు పోయి దొరల బంగళా ముందు ఫోటో దిగి, ఎంత గట్టిగా కట్టారో చూడండని స్టేటస్ పెట్టుకుంటాం. ఆ స్తంభం పక్కన ఎవరు నిలబడ్డారో మనమూ అడగలేదు. నేను అడిగింది ఆయా పేరొక్కటే, అదీ నన్ను అక్కడ నిలబెట్టాక. ఆ ఏడేళ్లలో ఆ ఆయా పిల్లలకు ఎవరు చుక్క పెట్టారో, అసలు పెట్టారో లేదో, మదనపల్లె ప్రాంతపు పాఠకుల్లో ఎవరి ముత్తవ్వ కథ ఇలా ఉందో, నాకు తెలుసుకోవాలని ఉంది.

వెళ్లబోయేవాళ్లకు ఒకే ఒక్క సలహా. పాస్‌పోర్టు, తిరుగు టికెట్టు, హోటల్ బుకింగ్ కాగితాలు, కాస్త చిల్లర, జిప్పున్న చిన్న చేతిసంచీలో వేసుకుని ఎప్పుడూ చంకలోనే ఉంచుకోండి. ఎంత మర్యాదగా ప్లీజ్ అని అడిగినా సరే, దాన్ని కింద పెట్టకండి.